డెడ్ ఎస్‌ఎంపీఎస్: ఫ్యూజు మార్చే ముందు ఎక్కడెక్కడ చూడాలి

కరీంనగర్‌లో మా రిపేరు షాపుకి ఒకప్పుడు టీవీలే వచ్చేవి. ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి సీసీ కెమెరాలకు కరెంటిచ్చే ఇనుప డబ్బాలు. 12 వోల్టులు, 5 యాంప్స్ అని స్టిక్కరు ఉంటుంది చూడండి, అవి. ఎస్‌ఎంపీఎస్ అంటే ఇవే, మెయిన్స్‌ని వేగంగా స్విచ్ చేసి చిన్న డీసీగా మార్చే సప్లైలు. కిరాణా షాపు, మెడికల్ షాపు, అపార్ట్‌మెంటు గేటు, ఎక్కడ చూసినా ఇవే. ఏడాది పొడవునా పగలూ రాత్రీ ఆగకుండా, గాలాడని మూలలో, దుమ్ములో పని చేస్తాయి కాబట్టి పోవడంలో వింతేమీ లేదు. లోపల చాలావాటిలో ఉండేది ఒకే తరహా ఫ్లైబ్యాక్ సర్క్యూట్: యూసీ3842 కుటుంబానికి చెందిన ఐసీ (పల్సులిచ్చి నడిపేది), ఒక మాస్‌ఫెట్ (ఆ పల్సులకు ఆన్ ఆఫ్ అయ్యే స్విచ్చి), చాపర్ ట్రాన్స్‌ఫార్మర్ (హైవోల్టేజీని 12కి దించేది), పీసీ817 ఆప్టోకప్లర్ (వెలుతురుతో సిగ్నల్ దాటించేది), టీఎల్431 (అవుట్‌పుట్ ఎంతుందో చూసేది). దీన్ని బాగు చేయడం వస్తే సెట్‌టాప్ బాక్సు, డీవీడీ ప్లేయరు, చిన్న ఎల్‌ఈడీ టీవీ పవర్ బోర్డు కూడా చాలావరకు వచ్చినట్టే. అందుకే దీన్నే పట్టుకుని చెబుతున్నాను.

కొత్తగా పని నేర్చుకునే కుర్రాళ్లు చేసేది ఒకటే. ఫ్యూజు పోయింది, ఫ్యూజు వేశారు. మాస్‌ఫెట్ షార్టయింది, మాస్‌ఫెట్ వేశారు. ప్లగ్గు పెట్టారు, ఢామ్మంది. మళ్లీ మాస్‌ఫెట్, మళ్లీ ఢామ్. చివరికి పార్టుల ఖర్చు కొత్త డబ్బా ధరను దాటిపోతుంది.

అసలు చిక్కేమిటంటే ఇది గుండ్రంగా తిరిగే సర్క్యూట్. ఐసీ నడవడానికి కావాల్సిన సప్లై చాపర్ నుంచి రావాలి, చాపర్ నడవాలంటే ఐసీ నడవాలి. అవుట్‌పుట్ అదుపులో ఉండాలంటే ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్ ఎంతుందో ఐసీకి తిరిగి చెప్పే సిగ్నల్) కావాలి, ఫీడ్‌బ్యాక్ రావాలంటే అవుట్‌పుట్ ఉండాలి. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టు ఉంటుంది వ్యవహారం. ఒక్కచోట తెగినా మొత్తం ఆగిపోతుంది, ఎక్కడ మీటరు పెట్టినా సున్నానే కనబడుతుంది. కాబట్టి నా పద్ధతి ఏమిటంటే, ఆ చుట్టును ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి బయటి నుంచి చిన్న వోల్టేజీ ఇచ్చి విడివిడిగా నడిపి చూడటం. 230 వోల్టులు ఇచ్చేది ఆ తర్వాతే.

ముందు జాగ్రత్త

బోర్డు మీద పెద్ద కెపాసిటర్ ఉంటుంది, 400 వోల్టులు 68 లేదా 100 మైక్రోఫ్యారడ్‌లది. 230 వోల్టుల ఏసీని నాలుగు డయోడ్ల బ్రిడ్జి డీసీ చేశాక దాని మీద నిలిచేది దాదాపు 325 వోల్టులు. ప్లగ్గు తీశాం కదా అని చెయ్యి పెట్టకండి. నిజానికి బాగా పనిచేసే సప్లై కంటే చచ్చిన సప్లైతోనే ప్రమాదం ఎక్కువ. పనిచేసేదైతే ప్లగ్గు తీయగానే లోడు ఆ చార్జిని లాగేస్తుంది. చచ్చినదాంట్లో లాగేవాళ్లు ఎవరూ లేరు. పైగా స్టార్టింగ్ రెసిస్టర్ (ఐసీకి మొదటి కరెంటిచ్చేది) ఓపెన్ అయి, అంటే లోపల తెగి చచ్చినదైతే, ఉన్న ఆ ఒక్క దారి కూడా మూసుకుపోయి చార్జి చాలాసేపు అలాగే కూర్చుంటుంది.

స్క్రూడ్రైవరుతో షార్ట్ చేసి టప్పుమనిపించే అలవాటు ఉంటే మానండి. ట్రాకు ఎగిరిపోతుంది, కెపాసిటర్‌కీ మంచిది కాదు. 10 కిలో ఓమ్స్, 5 వాట్ల రెసిస్టర్‌కి రెండు పాత మీటర్ ప్రోబులు టంకం వేసి పెట్టుకోండి. ఐదారు సెకన్లు ఆనించి పట్టుకుని, తర్వాత మీటరుతో చూసుకుని, అప్పుడు చెయ్యి పెట్టండి.

ఇంకో సంగతి. బోర్డుకి రెండు భాగాలుంటాయి: మెయిన్స్ వైపు హాట్ సైడ్, 12 వోల్టుల వైపు కోల్డ్ సైడ్. మధ్యలో చాపర్, ఆప్టో. హాట్ సైడ్‌లో ఏది కొలిచినా మీటరు నల్ల ప్రోబు పెద్ద కెపాసిటర్ నెగెటివ్ మీద ఉండాలి. కోల్డ్ సైడ్‌లో అయితే 12 వోల్టుల నెగెటివ్ మీద. "అన్నా, 325 రావట్లేదే" అని మా కుర్రాడు అడిగితే ముందు చూసేది అతని నల్ల ప్రోబు ఎక్కడుందనే. ఆసిలోస్కోపు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త: దాని క్లిప్పు నేరుగా ఎర్త్‌కి కలిసి ఉంటుంది. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా హాట్ సైడ్ గ్రౌండుకి తగిలిస్తే బ్రిడ్జి డయోడ్లు అక్కడికక్కడే పోతాయి.

కరెంటు ఇవ్వకుండా

మూత తీయగానే చూడాల్సింది గాజు ఫ్యూజుని. లోపల తీగ ఊరికే తెగి, గాజు తేటగా ఉంటే పెద్ద షార్ట్ కాకపోవచ్చు. గాజు నల్లబడి లోపల వెండి పూత పూసినట్టుంటే మాత్రం గట్టి షార్టే. బ్రిడ్జో, మాస్‌ఫెట్టో పోయి ఉంటుంది. ఫ్యూజు పక్కన నీలం బిళ్లలా ఉండేది ఎంఓవీ, వోల్టేజీ హద్దు మీరితే అడ్డుపడేది. అది పగిలిందంటే, పెద్ద కెపాసిటర్ పైన వాల్వు తెరుచుకుందంటే బోర్డు కంటే ముందు ఆ ఇంటి వైరింగు గురించి అడగండి. మా ఊళ్లలో న్యూట్రల్ తెగిపోవడం మామూలే. స్తంభం దగ్గర న్యూట్రల్ వదులైతే ఇంట్లో సింగిల్ ఫేజు సాకెట్లో 415 వోల్టుల దాకా రావచ్చు. 415 వోల్టుల ఏసీని డీసీ చేస్తే 580 దాటుతుంది. 400 వోల్టుల కెపాసిటర్ ఎంతసేపు ఓర్చుకుంటుంది? అలాంటి ఇంట్లో ఫ్యాన్లు, బల్బులు కూడా పోయే ఉంటాయి. లైను సరిచేయించకుండా డబ్బా బాగు చేసిస్తే మర్నాడే తిరిగొస్తుంది, తప్పు మన మీదకొస్తుంది.

కెపాసిటర్ల కింద పూసిన జిగురు కూడా చూడండి. పాత బోర్డుల్లో లేత పసుపు జిగురు వేడికి ముదురు గోధుమ రంగులోకి మారుతుంది. అలా మారాక అది కరెంటును పాస్ చేస్తుంది, పక్కనున్న రెసిస్టర్ల కాళ్లను తినేస్తుంది. గీకి తీసేయడమే. ఇక బల్లి సంగతి సరే సరి. వర్షాకాలంలో వెచ్చదనం కోసం డబ్బాలో దూరి, మాస్‌ఫెట్ కాళ్ల మీద అడ్డంగా పడి ఉంటుంది. ఆ చోటంతా ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) వేసి బ్రష్షుతో బాగా కడగాలి. బోర్డు కాలి బొగ్గయి ఉంటే ఆ బొగ్గునంతా గీకేయాలి, ఎందుకంటే బొగ్గు కూడా కరెంటును పాస్ చేస్తుంది.

తర్వాత మీటరు డయోడ్ మోడ్‌లో పెట్టండి. బ్రిడ్జిలో నాలుగు డయోడ్లూ ఒకవైపు 0.45 నుంచి 0.6 మధ్య, రెండోవైపు ఓపెన్ చూపాలి. మాస్‌ఫెట్‌కి గేటు, డ్రెయిన్, సోర్సు అని మూడు కాళ్లు. సోర్సు మీద ఎర్ర ప్రోబు, డ్రెయిన్ మీద నల్ల ప్రోబు పెడితే 0.4 నుంచి 0.6, తిప్పి పెడితే ఓపెన్. గేటుకీ సోర్సుకీ మధ్య బీప్ రాకూడదు. బోర్డు మీదే కొలిస్తే అక్కడ 10 కిలో ఓమ్స్ చూపించవచ్చు, కంగారు పడకండి, అది గేటు దగ్గర కావాలని పెట్టిన రెసిస్టర్.

మాస్‌ఫెట్ మూడు కాళ్లూ కలిసిపోతే, అంటే ఎటు పెట్టినా బీప్ వస్తే, ఇక్కడ ఆగండి. ఆ మాస్‌ఫెట్ ఒంటరిగా పోలేదు. సోర్సు కింద ఉండే 0.33 ఓమ్ రెసిస్టర్ ఓపెన్ అయి ఉంటుంది. డ్రెయిన్ మీది 325 వోల్టులు గేటు గుండా వెనక్కి పోయి 22 ఓమ్స్ గేటు రెసిస్టర్‌ని, దాని వెనకాల ఐసీని కూడా తిని ఉంటాయి. నాలుగూ కలిపి మార్చాలి. మాస్‌ఫెట్ ఒక్కటీ మారిస్తే పాడైన ఐసీ దాని గేటును ఆన్‌లోనే ఉంచేస్తుంది, రెండో ఢామ్ అదే. చాపర్ ప్రైమరీకి (హాట్ సైడ్ వైండింగుకి) అడ్డంగా ఉండే స్నబ్బర్‌ని కూడా ఇప్పుడే చూడండి: ఎఫ్‌ఆర్107 లాంటి డయోడు, 100 కిలో ఓమ్స్ పెద్ద రెసిస్టర్, చిన్న హైవోల్టేజీ కెపాసిటర్. మాస్‌ఫెట్ ఆఫ్ అయిన ప్రతిసారీ వచ్చే వోల్టేజీ పోటును మింగేది ఇవే. ఇవి పనిచేయకపోతే కొత్త మాస్‌ఫెట్ కూడా ఎక్కువ కాలం బతకదు.

కోల్డ్ సైడ్‌లో హీట్‌సింకుకి బిగించిన షాట్కీ డయోడు (చాపర్ నుంచి వచ్చేదాన్ని డీసీ చేసేది), సాధారణంగా ఎంబీఆర్20100 లాంటిది, రెండువైపులా బీప్ అయితే షార్ట్. చాపర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. అది నిజంగా పోవడం చాలా అరుదు. పైగా వైండింగు లోపల చుట్లు షార్టయితే మామూలు మీటరుకి తెలియదు. అన్నీ తేలాక మిగిలితే అప్పుడు దాన్ని అనుమానించవచ్చు.

సిరీస్ ల్యాంప్

షార్టులు లేవని తేలాక కూడా నేరుగా ప్లగ్గులో పెట్టొద్దు. ఫేజు వైరులో వరసగా 60 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టి దాని గుండా కరెంటు ఇవ్వండి. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, తప్పనిసరిగా ఫిలమెంటుదే కావాలి. ఇప్పుడు దొరకడం కష్టమవుతోంది కాబట్టి పాత హార్డ్‌వేర్ షాపులో కనబడితే నాలుగు కొని దాచుకోండి.

స్విచ్చి వేయగానే బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతే మంచిది, పెద్ద కెపాసిటర్ చార్జయిందన్నమాట. నిండుగా వెలిగి అలాగే ఉంటే ఎక్కడో షార్ట్ మిగిలింది, వెంటనే ఆపేయండి. మందంగా వెలుగుతూ ఆరుతూ ఉంటే సర్క్యూట్ స్టార్టవ్వాలని ప్రయత్నిస్తోంది. బల్బు సిరీస్‌లో ఉండగా అవుట్‌పుట్ మీద 10 వాట్లకు మించి లోడు పెట్టకండి, లేకపోతే బల్బు అడ్డుపడటం వల్ల వోల్టేజీ పడిపోతే సప్లైది తప్పనుకుంటారు. మొదటిసారి కరెంటిచ్చేటప్పుడు డీవీఆర్ (కెమెరాల రికార్డింగు పెట్టె) గానీ కెమెరా గానీ అస్సలు తగిలించొద్దు. కారణం తర్వాత చెబుతాను.

325 ఉంది, 12 లేదు

ఎక్కువ కేసులు ఇక్కడికే వస్తాయి. పెద్ద కెపాసిటర్ మీద 325 ఉంది, మాస్‌ఫెట్ బాగుంది, అవుట్‌పుట్ సున్నా. నల్ల ప్రోబు హాట్ సైడ్ నెగెటివ్ మీద పెట్టి, ఎర్ర ప్రోబు ఐసీ 7వ పిన్ మీద పెట్టండి. ఐసీకి సప్లై వచ్చేది అక్కడే. ఈ ఒక్క పిన్ దగ్గర సగం కథ తెలిసిపోతుంది.

యూసీ3842, 3844 ఐసీలు 7వ పిన్ మీద సుమారు 16 వోల్టులు వస్తేనే లేస్తాయి, 10కి పడితే ఆగిపోతాయి. 3843, 3845 అయితే 8.4కి లేచి 7.6కి ఆగుతాయి. నంబరు సరిగా చూసుకోండి. 3842 బదులు 3843 వేస్తే ముందే లేస్తుంది, మాస్‌ఫెట్ గేటుకి నిండా వోల్టేజీ చాలక వేడెక్కవచ్చు. 3843 ఉండే చోట 3842 వేస్తే అసలు లేవకపోవచ్చు.

మొదట ఈ పిన్‌కి సప్లై ఇచ్చేవి స్టార్టింగ్ రెసిస్టర్లు. పెద్ద కెపాసిటర్ పాజిటివ్ నుంచి వచ్చే ఒకటో రెండో రెసిస్టర్లు, మొత్తం మీద 300 కిలో ఓమ్స్ ఉన్నాయనుకుందాం. వాటి గుండా వచ్చేది ఒక్క మిల్లీయాంప్ మాత్రమే. అది 47 మైక్రోఫ్యారడ్‌ల చిన్న కెపాసిటర్‌ని నింపుతుంది. ఒకట్రెండు సెకన్లలో 16 రాగానే ఐసీ లేస్తుంది, లేచాక పది మిల్లీయాంప్స్ పైనే తింటుంది. ఆ ఒక్క మిల్లీయాంప్ దానికి ఎటూ చాలదు. కాబట్టి చాపర్‌లో దీనికోసమే చుట్టిన ఇంకో వైండింగు నుంచి డయోడు గుండా సప్లై అందేదాకా, ఆ చిన్న కెపాసిటర్‌లో దాచిందే దిక్కు.

దీన్నిబట్టి మీటరు చూపేది చదవండి. 7వ పిన్ మీద సున్నా ఉంటే స్టార్టింగ్ రెసిస్టర్ ఓపెన్, లేదా ఐసీ లోపలే షార్ట్. ఏ 8, 9 దగ్గరో కదలకుండా నిలబడితే రెసిస్టర్ విలువ పెరిగిపోయింది, లేదా చిన్న కెపాసిటర్ లీకవుతోంది. ఈ రెసిస్టర్లు కాలినట్టు కనబడవు, రంగు కూడా మారదు. 300 కిలో ఓమ్స్ ఉండాల్సింది 2 మెగా ఓమ్స్ చూపుతుంది, అంతే. ఒక కాలు విప్పి కొలవాల్సిందే.

10కీ 16కీ మధ్య ఎక్కుతూ దిగుతూ ఉంటే ఐసీ లేస్తోంది, కానీ నిలదొక్కుకోలేకపోతోంది. డిజిటల్ మీటరులో అంకెలు గెంతుతూ అర్థం కావు. మా దగ్గర పాత ముల్లు మీటరు ఒకటుంది, ఈ పనికి దాన్ని మించింది లేదు. ముల్లు ఊగడం చూస్తే వెంటనే తెలిసిపోతుంది.

ఇక ఈ డబ్బాల్లో నేను తరచుగా చూసే జబ్బు. "నిన్నటిదాక మంచిగనే నడిసింది అన్నా, రాత్రి కరెంటు పోయొచ్చినంక మళ్ల లేవలే" అంటారు. వినగానే నేను పట్టుకునేది ఆ 47 మైక్రోఫ్యారడ్, 50 వోల్టుల కెపాసిటర్‌నే. ఎప్పుడూ హీట్‌సింకు పక్కనే వేడిలో ఉండి ఎండిపోతుంది. నడుస్తున్నంతకాలం వైండింగు నుంచి సప్లై వస్తూనే ఉంటుంది కాబట్టి దాని లోటు బయటపడదు. కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రం మొదటి నెట్టు ఇవ్వాల్సింది అదే, ఇవ్వలేదు. తల ఉబ్బదు, చూడటానికి కొత్తదానిలా ఉంటుంది. విప్పి కొలిస్తే 47 బదులు ఐదో ఆరో చూపుతుంది. రెండు మూడు రూపాయల పార్టు. మార్చేటప్పుడు 105 డిగ్రీలది వేసి, వీలైతే హీట్‌సింకు నుంచి కాస్త దూరంగా వంచి పెట్టండి.

అది మార్చినా ఊగుతూనే ఉంటే వైండింగు దగ్గరి చిన్న డయోడు, దానికి వరసలో ఉండే 10 ఓమ్స్ రెసిస్టర్ చూడండి. అవీ బాగుంటే అవుట్‌పుట్ వైపు షార్ట్ ఉండి ఉంటుంది. డబ్బా నుంచి టిక్ టిక్‌మని సన్నగా శబ్దం వచ్చేదీ ఇలాంటప్పుడే. షాట్కీ, అవుట్‌పుట్ కెపాసిటర్లు, బయటి వైర్లు, ఈ వరసలో చూస్తే దొరికిపోతుంది. బయటి వైర్లు అని ఎందుకన్నానంటే, గోడ బయట తడిసిన కెమెరా జాక్ షార్టయి డబ్బా బాగున్నా టిక్ టిక్‌మంటుంది. అవుట్‌పుట్ వైర్లన్నీ విప్పి చూశాకే డబ్బా విప్పండి.

రెండు 9 వోల్టుల బ్యాటరీలు

ఐసీ బాగుందా లేదా అన్నది 230 ముట్టుకోకుండానే తేల్చుకోవచ్చు. ప్లగ్గు తీసి, పెద్ద కెపాసిటర్ ఖాళీ చేసి, రెండు కొత్త 9 వోల్టుల బ్యాటరీలు వరసగా కలపండి, 18 వోల్టులు వస్తాయి. పాజిటివ్ 7వ పిన్‌కి, నెగెటివ్ 5వ పిన్‌కి. బ్యాటరీలు వాడినవైతే 16 అందక ఐసీ లేవదు, తర్వాత ఐసీ పోయిందనుకుంటారు. బెంచి సప్లై ఉన్నవాళ్లు 18 పెట్టి కరెంటు 50 మిల్లీయాంప్స్‌కి లిమిట్ చేసుకోండి.

ఇప్పుడు 8వ పిన్ మీద 5 వోల్టులు ఉండాలి. లేకపోతే ఐసీ మార్చండి, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. 4వ పిన్ మీద రంపపు పళ్ల వేవ్ ఉంటుంది, మీటరు డీసీలో దాన్ని రెండు వోల్టుల చుట్టుపక్కల చూపుతుంది. అక్కడ సున్నా గానీ 5 గానీ కదలకుండా ఉంటే పల్సులు పుట్టించే ఆసిలేటరు నడవడం లేదు, 8కీ 4కీ మధ్య రెసిస్టర్, 4 నుంచి గ్రౌండుకి ఉండే చిన్న కెపాసిటర్ చూడండి. 6వ పిన్ మాస్‌ఫెట్ గేటుకి పోయేది. ఫీడ్‌బ్యాక్ లేదు కాబట్టి ఐసీ నిండు వెడల్పుతో పల్సులిస్తుంది. 3842 అయితే మీటరు 7వ పిన్ వోల్టేజీకి కాస్త తక్కువ చూపుతుంది, 3844 అయితే సగం లోపు. ఇవన్నీ ఉంటే ఐసీ బాగున్నట్టే.

3వ పిన్ గురించి ఒక మాట. సోర్సు రెసిస్టర్ మీద 1 వోల్టు రాగానే ఐసీ ఆ పల్సును కోసేస్తుంది. 0.33 ఓమ్ అయితే 3 యాంప్స్ దగ్గర. అది దొరకలేదని ఎవరో 1 ఓమ్ వేస్తారు. అప్పుడు 12 వోల్టులు చక్కగా వస్తాయి, లోడు పెట్టగానే కూలిపోతాయి. దానికి బదులు వైరు ముక్క వేసినవాళ్లూ ఉన్నారు. వాళ్లకి మాస్‌ఫెట్ మార్చడమే పనవుతుంది.

ఇదే పద్ధతిలో ఫీడ్‌బ్యాక్‌ని కూడా విడిగా చూడొచ్చు. మెయిన్స్ లేకుండా, అవుట్‌పుట్ టెర్మినల్స్‌కి బయటి నుంచి ఎడ్జస్టబుల్ సప్లై ఇవ్వండి, కరెంటు లిమిట్ తక్కువగా పెట్టి. మీటరుని ఓమ్స్‌లో ఆప్టో హాట్ సైడ్ రెండు కాళ్ల మీద పెట్టండి. 10 వోల్టుల నుంచి మెల్లగా పెంచుతూ పోతే 12 దాటగానే ఆ రెండు కాళ్ల మధ్య రెసిస్టెన్సు ఒక్కసారిగా పడిపోవాలి. పడితే టీఎల్431, ఆప్టో, డివైడర్ రెసిస్టర్లు (అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని టీఎల్431కి ఇచ్చేవి) అన్నీ బాగున్నాయి. 13, 14 దాకా వెళ్లినా పడకపోతే లోపం అక్కడే. టీఎల్431 రిఫరెన్సు కాలు మీద 2.5 వోల్టులు ఎప్పుడు వస్తున్నాయో చూస్తే, డివైడరుదా టీఎల్431దా అన్నదీ తెలిసిపోతుంది.

మొదటిసారి డీవీఆర్ తగిలించొద్దన్నది ఇందుకే. ఆప్టో ఓపెన్ అయినా, డివైడర్ పై రెసిస్టర్ విలువ పెరిగినా సప్లైకి అడ్డూ అదుపూ ఉండదు. 12 బదులు 18, 20 ఇచ్చేస్తుంది. 25 వోల్టుల కెపాసిటర్ ఓర్చుకుంటుంది గానీ డీవీఆర్ ఓర్చుకోదు. కొన్ని డబ్బాల్లో ఏడీజే అని చిన్న ప్రీసెట్ (తిప్పి సరిచేసే రెసిస్టర్) ఉంటుంది, దుమ్ము పట్టి దాని కాంటాక్టు వదిలినా ఇదే జరుగుతుంది.

చీకటి పడితే పోయే కెమెరాలు

ఒక కిరాణా షాపాయన వచ్చి, "అన్నా, పొద్దంత మంచిగనే ఉంటయి, చీకటి పడంగనే నాలుగు కెమెరాలు పోతున్నయి. దొంగలకు తెలిసినట్టే ఉన్నది" అన్నాడు. కెమెరాలు మార్చాలని ఎవరో చెప్పారట. నేను అక్కడికే వెళ్లి, పట్టపగలే ఒక్కో కెమెరా మీద తువ్వాలు కప్పించాను. చీకటనుకుని ఐఆర్ ఎల్‌ఈడీలు (రాత్రి చూపు కోసం పెట్టిన కంటికి కనబడని లైట్లు) వెలుగుతాయి, కెమెరా లాగే కరెంటు ఇంచుమించు రెట్టింపవుతుంది. మీటరు సప్లై టెర్మినల్స్ మీద పెట్టి చూస్తుంటే మొదటి కెమెరాకి 11.9, రెండోదానికి 11.5, మూడోది కప్పగానే 10 లోపుకి పడింది. లోపల టక్కుమని ఐఆర్ ఫిల్టరు కదిలిన చప్పుడు, కెమెరా రీసెట్, లోడు తగ్గి మళ్లీ 12, మళ్లీ బూట్, మళ్లీ ఐఆర్. రాత్రంతా ఇదే నడుస్తోందన్నమాట.

డబ్బా విప్పితే అవుట్‌పుట్ మీద రెండు 1000 మైక్రోఫ్యారడ్, 25 వోల్టుల కెపాసిటర్లు. ఒకటి తల కొద్దిగా ఉబ్బింది, రెండోది శుభ్రంగా ఉంది. ఉబ్బినదాన్ని ఎవరైనా మారుస్తారు. రెండోదాన్ని కూడా విప్పి ఈఎస్‌ఆర్ (కెపాసిటర్ లోపలి రెసిస్టెన్సు) మీటరు పెడితే అరఓమ్ దాటింది, కొత్తదైతే సున్నా పాయింట్ సున్నా ఎంతో ఉంటుంది. కెపాసిటీ మాత్రం 900 పైనే చూపించింది. అందుకే కెపాసిటీ మీటరు ఒక్కటే నమ్ముకుంటే ఈ జబ్బు దొరకదు. లోలోపల రెసిస్టెన్సు పెరిగితే వేగంగా వచ్చే పల్సులను ఆ కెపాసిటర్ పట్టుకోలేదు, లోడు పెరిగేకొద్దీ వోల్టేజీ కిందికి జారుతుంది. రెండూ ఒకేసారి మార్చండి, లో ఈఎస్‌ఆర్, 105 డిగ్రీలవి. ఈఎస్‌ఆర్ మీటరు లేకపోతే, అదే విలువ కొత్త కెపాసిటర్‌ని పోలారిటీ చూసుకుని, కరెంటు తీసి ఉన్నప్పుడు పాతదానికి సమాంతరంగా టంకం వేసి, లోడుతో చూడండి. తేడా వెంటనే కనబడుతుంది.

లోడు కోసం చాలామంది బైకు హెడ్‌లైటు బల్బు వాడతారు. చల్లగా ఉన్న ఫిలమెంటు మొదటి క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు లాగుతుంది, మంచి సప్లై కూడా ఓవర్‌లోడ్ అనుకుని ఆగిపోతుంది. నేను 10 ఓమ్స్, 25 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ వాడతాను, 1.2 యాంప్స్ తీసుకుంటుంది. రెండు సమాంతరంగా పెడితే 2.4. ముట్టుకుంటే కాలుతుంది, గాజు పలక మీదో టైలు ముక్క మీదో పెట్టండి.

బిగించేటప్పుడు

పార్టులు నేను హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చుకుంటాను. మాస్‌ఫెట్ మీద 7ఎన్65 అని ఉంటే అదే, లేదా దానికి దగ్గరిది, 650 వోల్టులకు తగ్గనిది వేయండి. పెద్దదైతే ఇంకా మంచిదని 20 యాంప్స్‌ది వేయకండి, దాని గేటును నింపడానికి ఈ చిన్న ఐసీ తంటాలు పడుతుంది. ఎక్కడ కొన్నా డుప్లికేట్ రావచ్చు. అనుమానముంటే పాత పీసీ సప్లైల నుంచి విప్పినది వాడటమే నయం.

ఇనుప డబ్బాలో మాస్‌ఫెట్ వీపు డబ్బాకే బిగిస్తారు, మధ్యలో మైకా గానీ సిలికాన్ షీటు గానీ ఉంటుంది. మాస్‌ఫెట్ వీపంటే డ్రెయినే. షీటు చిరిగినా, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ మర్చిపోయినా 325 వోల్టులు డబ్బా మీదకొస్తాయి. బిగించాక మీటరుతో డ్రెయిన్‌కీ డబ్బాకీ మధ్య పూర్తిగా ఓపెన్ ఉందని చూసుకున్నాకే కరెంటివ్వండి. ఇందులో రాజీ లేదు.

"డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటుంది" అనేది వేరే సంగతి. మెయిన్స్ నుంచి డబ్బాకి, హాట్ సైడ్ నుంచి కోల్డ్ సైడ్‌కి ఉండే నీలం రంగు వై కెపాసిటర్ల వల్ల, ఎర్త్ కలపనప్పుడు చిన్న లీకేజీ వస్తుంది. ప్లగ్గు మూడో పిన్ ఎర్త్‌కి కలిపితే పోతుంది. ఆ కెపాసిటర్ పోయి మార్చాల్సి వస్తే వై1 అని ముద్ర ఉన్నదే వేయాలి. పెట్టెలో ఉంది కదా అని మామూలు సిరామిక్ వేస్తే, అది షార్టయిన రోజు మెయిన్స్ నేరుగా కెమెరా వైరులోకి వస్తుంది.

సిరీస్ ల్యాంప్ తీసేసి, లోడుతో ఓ గంట నడపండి. మధ్యలో ఆపి, కెపాసిటర్ ఖాళీ చేశాక మాస్‌ఫెట్, షాట్కీ, చాపర్ ఎంత వేడెక్కాయో చూడండి. ప్లగ్గు తీసి పది నిమిషాలాగి మళ్లీ పెట్టండి. చల్లారాక కూడా వెంటనే లేవాలి, ఆ 47 మైక్రోఫ్యారడ్ పరీక్ష అదే. చాపర్ ప్రైమరీలో చుట్లు షార్టయితే మాత్రం వదిలేసి కొత్త డబ్బా కొనమని చెప్పేస్తాను. ఐదారు వందల్లో కొత్తది దొరుకుతున్నప్పుడు దానికి చాపర్ చుట్టించడం దండగ. పాతదాన్లోంచి బ్రిడ్జి, షాట్కీ, హీట్‌సింకు విప్పి నా డబ్బాలో వేసుకుంటాను.